పదిలో 572. ట్రిపుల్ ఐటీకి పంపాలా, ఇంటర్‌లో చేర్చాలా?

మార్టూరు మేనమామ

అందరికీ నమస్కారం. మా అక్క కూతురికి ఈ ఏడు పదో తరగతిలో 600కి 572 వచ్చాయి. మార్టూరు దగ్గర పల్లెటూరు, జడ్పీ హైస్కూలు. బావకి కౌలుతో కలిపి రెండెకరాల మిరప. నేను విజయవాడలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు రాస్తాను. ఇంట్లో డిగ్రీ మొహం చూసింది నేనొక్కడినే కాబట్టి నిర్ణయం నా నెత్తిన పెట్టారు.

రిజల్ట్ వచ్చిన సాయంత్రం నుంచే కాలేజీల పీఆర్వోలు ఇంటి చుట్టూ తిరుగుతున్నారు. ఇప్పటికి నలుగురు వచ్చారు. ఒకాయన స్వీటు డబ్బా, శాలువా పట్టుకొచ్చి, పిల్లకి కప్పి, ఫోటో తీసుకుని మరీ పోయాడు. హాస్టల్‌తో కలిపి ఏడాదికి లక్షా అరవై, "మీ పాప కాబట్టి లక్షా పదికి చేస్తాం" అంటున్నాడు. శాలువాతోనే అక్క సగం ఒప్పేసుకుంది. స్కూల్లో టీచర్లేమో ట్రిపుల్ ఐటీకి తప్పకుండా అప్లై చెయ్యమంటున్నారు.

నా అనుమానాలు ఇవీ. ఆరేళ్ల కోర్సు అంటే పదిహేనేళ్ల పిల్లని ఒకేసారి ఆరేళ్లకి కట్టేసినట్టు కాదా? మధ్యలో నచ్చకపోతే ఇంటర్ సర్టిఫికెట్ కూడా లేకుండా ఎటూ కాకుండా పోతుందేమో. క్యాంపస్‌లలో నూజివీడు ముందు పెట్టాలా, ఒంగోలు ముందు పెట్టాలా? ఒంగోలు మాకు దగ్గర. అన్నిటికంటే పెద్ద బెంగ ఇంకోటి ఉంది. ఈ పిల్ల ఇల్లు వదిలి ఉన్నది ఎప్పుడైనా ఉందంటే బెజవాడలో మా ఇంట్లోనే. అదీ రెండో రాత్రికే అమ్మ కావాలని ఏడిస్తే పొద్దున్నే బస్సెక్కించాను.

పిల్లనడిగితే "మీ ఇష్టం మామయ్యా" అంటోంది. అది ఇష్టమో భయమో తేల్చుకోలేకపోతున్నాను. అక్కడ చదివినవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. జూన్ దాకా ఈ టెన్షన్ మోయలేను.

బెజవాడ బుల్లోడు

గురూ, ఎక్కువ ఆలోచించకు, కార్పొరేట్‌లో వేసెయ్. రెండేళ్లు కళ్లు మూసుకుంటే అయిపోతుంది. 572 వచ్చిన పిల్ల జేఈఈ రాయాలి గానీ ట్రిపుల్ ఐటీ ఏంటి? అక్కడికి వెళ్తే జేఈఈ సంగతి మర్చిపోవడమే. అదృష్టం బాగుంటే ఎన్ఐటీ, లేకపోతే ఎంసెట్ ఎటూ ఉంది. ఇప్పుడు పేరేదో మార్చారులే, నాకు ఎంసెట్టే అలవాటు.

ఇంకోటి. ఆ శాలువా ఫోటో జాగ్రత్త. చేరకపోయినా ఫ్లెక్సీ ఎక్కుతుంది.

పాత ఎన్13

అన్నయ్య గారూ, నేను నూజివీడులో చదివాను. 2013 బ్యాచ్. అక్కడ ఐడీ నంబరు క్యాంపస్ అక్షరంతో, చేరిన ఏడుతో మొదలవుతుంది కాబట్టి మమ్మల్ని ఇప్పటికీ ఎన్13 వాళ్లనే పిలుస్తారు. మాది అవనిగడ్డ దగ్గర. నాన్నకి ఇస్త్రీ బండి. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఇది చెబుతున్నది గొప్పకి కాదు, ఎలాంటి ఇంటినుంచి వెళ్లానో మీకు తెలియాలని.

ముందు ఒక సంగతి. చుట్టాలు ఎవరైనా "ట్రిపుల్ ఐటీ అంటే జేఈఈ రాయాలి కదా" అంటే, వాళ్లు గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ గురించి మాట్లాడుతున్నారు. మనది ఆర్జీయూకేటీ, అంటే రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో పెట్టారు. తర్వాత 2016లో ఒంగోలు, శ్రీకాకుళం వచ్చాయి. బాసర ఇప్పుడు తెలంగాణలో ఉంది. పల్లెటూరి పిల్లల్ని పది అవ్వగానే తీసుకుని, రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్ ఒకే చోట చదివించాలన్నది ఆలోచన. మొదటి ఛాన్సలర్ రాజ్‌రెడ్డి గారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటర్ సైన్స్‌లో అందరికంటే పెద్దదనే ట్యూరింగ్ అవార్డు 1994లో తెచ్చుకున్నాయన. మా క్లాసులో సగం మందికి ఆ అవార్డంటే ఏమిటో ఈ2లో, అంటే బీటెక్ రెండో ఏడులో గానీ తెలియలేదు.

బుల్లోడు గారు జేఈఈ గురించి అన్నది చాలావరకు నిజమే. రాయకూడదని ఏమీ లేదు, కానీ దానికోసం ఎవరూ రుద్దరు. అక్కడి సెమిస్టర్లు, పరీక్షలు నడుస్తూ ఉంటాయి, జేఈఈ నీ సొంత కష్టం మీద రాసుకోవాలి. పిల్లకి ఐఐటీ పిచ్చి నిజంగా ఉంటే ఇది దారి కాదు. అసలు ఆ పిచ్చి పిల్లదా పీఆర్వోదా అన్నది ముందు తేల్చుకోండి.

ఆరేళ్లకి కట్టేసినట్టు కాదు. పీయూసీ రెండేళ్లు పూర్తి చేస్తే అది ఇంటర్‌తో సమానం, ఆ సర్టిఫికెట్‌తో బయటికొచ్చి వేరే కాలేజీలో చేరినవాళ్లు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. చిక్కంతా పీ1, అంటే పీయూసీ మొదటి ఏడు మధ్యలో, ఏ నవంబర్‌లోనో వచ్చేస్తేనే. అప్పటికి ఇంటర్ క్లాసులు సగం అయిపోయి ఉంటాయి, ఏడాది పోయినట్టే. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, దసరా సెలవులకి ఇంటికి వచ్చిన పిల్ల మాటల్ని బట్టి ఏ నిర్ణయమూ తీసుకోకండి. దసరాకి అందరూ తిరిగి వెళ్లనంటారు. నేను మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను. సంక్రాంతికి వచ్చినప్పుడు ఏమంటుందో వినండి.

క్యాంపస్ విషయానికొస్తే, ఒంగోలు దగ్గరని అదే ముందు పెట్టాలని లేదు. ఇంటికి వెళ్లాలంటే ఎక్కడైనా అవుట్‌పాస్ తీసుకోవాలి, సెలవులకే వస్తారు. కెమికల్, మెటలర్జీ లాంటి బ్రాంచీలు నూజివీడు, ఇడుపులపాయల్లో ఉన్నాయి. ఇడుపులపాయ అందంగా ఉంటుంది, చుట్టూ కొండలు, నెమళ్లు. మీ వాళ్లు వెళ్లిరావడానికే దూరం. నూజివీడు అయితే మీరు విజయవాడలోనే ఉన్నారు కాబట్టి నేనైతే అదే ముందు పెడతాను. పిల్లకి జ్వరం వస్తే మేనమామ ఒక బస్సు దూరంలో ఉండటం చిన్న సంగతి కాదు. అక్కా బావా రైల్లో వస్తామంటే ఒక మాట చెప్పండి. నూజివీడు అని పేరున్న రైల్వే స్టేషన్ ఉండేది హనుమాన్ జంక్షన్ దగ్గర. మా నాన్న మొదటిసారి అక్కడ దిగి, స్టేషన్ బయటికి వచ్చి, కాలేజీ ఏదని రిక్షా అతన్ని అడిగితే అతను నవ్వాడట. మళ్లీ బస్సెక్కాలి. బెజవాడ బస్టాండ్ నుంచి వెళ్లడమే సుఖం.

ఇక అసలు సంగతి. సీటు రావడం, ఫీజు, క్యాంపస్, ఇవన్నీ ఎవరైనా చెబుతారు. మొదటి ఆరు నెలలు ఎలా ఉంటాయో మాత్రం ఎవరూ చెప్పరు.

మీ పిల్లకి 572. అక్కడ క్లాసులో కూర్చున్న ప్రతి పిల్లా వాళ్ల స్కూలు ఫస్టే. నేను మా ఊళ్లో లెక్కల్లో 100కి 100. హెడ్మాస్టరు గారు అసెంబ్లీలో నా పేరు చెప్పి చప్పట్లు కొట్టించారు. పీ1లో రెండో వారమో మూడో వారమో లెక్కల్లో చిన్న టెస్టు పెట్టారు. ఇంగ్లీషులో పేపరు. కింది వాటిలో రేషనల్ నంబర్లు ఏవో ఏరి, ఎందుకో రాయమన్నారు. నాకు తెలుగులో ఇదంతా కొట్టినపిండి. అకరణీయ సంఖ్యలు, కరణీయ సంఖ్యలు, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కాకపోతే ఇంగ్లీషులో ఏది ఏదో తెలియదు. ఆలోచించాను. ఇర్రేషనల్ అంటే కాదు అనే అర్థం ఉంది. తెలుగులో అ అంటే కాదు. కాబట్టి అకరణీయం అంటే ఇర్రేషనల్, కరణీయం అంటే రేషనల్. ఎంత తెలివిగా కనిపెట్టానో అనుకుని రూట్ 2, రూట్ 3, పై, అన్నీ ఏరి రేషనల్ కింద రాసి, కారణాలు కూడా వివరంగా రాశాను.

నిజానికి అకరణీయమే రేషనల్. కరణీయమే ఇర్రేషనల్. 20కి 3 వచ్చాయి. ఆ మూడు కూడా ఎందుకిచ్చారో తెలియదు.

పేపరు మడిచి దిండు గలీబులో దాచాను. మా రోజుల్లో పీయూసీ పిల్లలకి సెల్‌ఫోన్ లేదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మ "ఎలా చదువుతున్నావే" అంటే "బానే ఉంది" అన్నాను. అలా అబద్ధం మొదలైతే ఆగదు. ఫిజిక్స్‌లో తప్పి, రెమీడియల్ (మళ్లీ రాసే పరీక్ష) పడేదాకా నడిచింది. త్వరణం తెలుసు, యాక్సిలరేషన్ తెలియదు. ద్రవ్యవేగం తెలుసు, మొమెంటం తెలియదు. తెలిసినదాన్ని తెలియనిదానిలా చూస్తూ క్లాసులో కూర్చోవడం ఎంత నరకమో, పడినవాళ్లకే తెలుస్తుంది. లెక్చరర్ అడిగితే చెప్పేవారే. అడగడానికి కూడా నాకు ఇంగ్లీషు కావాలనుకున్నాను. ఆయన తెలుగువారేనని, తెలుగులో అడిగితే తెలుగులోనే చెబుతారని తట్టలేదు. అది పూర్తిగా నా తప్పే.

గట్టెక్కింది మా గదివల్ల. పలాస నుంచి వచ్చిన అమ్మాయి ఒకతి, నాలాగే తెలుగు మీడియం. ఇద్దరం కలిసి ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాం. పేజీకి మధ్యలో గీత. ఎడమవైపు సమితి, ప్రమేయం, బహుపది, శ్రేఢి, మాత్రిక, కర్ణం, కటకం. కుడివైపు సెట్, ఫంక్షన్, పాలినామియల్, ప్రోగ్రెషన్, మ్యాట్రిక్స్, హైపోటెన్యూస్, లెన్స్. మొదటి పేజీ పైన ఎర్ర పెన్నుతో అకరణీయం ఈజ్ ఈక్వల్ టు రేషనల్ అని పెద్దగా రాసి చుట్టూ డబ్బా కట్టాను. గుంటూరు నుంచి వచ్చిన ఇంకో అమ్మాయికి ఇంగ్లీషు వచ్చు, లెక్కలు మా అంత రావు. రాత్రి భోజనాలయ్యాక ఆమె ప్రశ్న చదివి ఏమడిగారో చెప్పేది, మేం చేసి చూపించేవాళ్లం. సెకండ్ సెమిస్టర్‌కి ఆ నోట్‌బుక్ తీయాల్సిన అవసరం పడలేదు. పోగొట్టుకోలేదు కూడా, ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

ఇప్పుడు గవర్నమెంటు స్కూళ్లలో పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటున్నాయి కదా. మీ పిల్లని ఒకటే అడగండి, ఇన్నాళ్లూ ఏ పేజీ చదివిందని. తెలుగు పేజీయే అయితే కంగారేం లేదు. ఈ వేసవిలో అదే పుస్తకం తీసి ఎదురు పేజీ చదవమనండి. స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులకి డబ్బులు తగలెయ్యొద్దు.

రెమీడియల్ సంగతి ఇంట్లో చెప్పింది సంక్రాంతికి. అమ్మ మొహం చూడలేక నాన్న బండి దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన చొక్కా మీదనుంచి చూపు తిప్పలేదు. "మడత పోకపోతే ఏం చేస్తాం, నీళ్లు చల్లి ఇంకోసారి రుద్దుతాం" అన్నారు. అంతే, మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. మీ బావగారికి కూడా ముందే చెప్పి ఉంచండి, మొదటి సెమిస్టర్ మార్కులు చూసి ఫోన్‌లో అరవొద్దని. అలాగని తేలిగ్గా కూడా తీసుకోకూడదు. బీటెక్‌లో బ్రాంచి వచ్చేది పీయూసీ మార్కుల మీదే. నాకు సీఎస్ఈ రాకుండా ఈసీఈ వచ్చిందంటే, అందులో ఆ అకరణీయ సంఖ్యల వాటా ఎంతో కొంత ఉంది.

మీ పిల్ల "మీ ఇష్టం" అనడం గురించి. నేనూ అదే అన్నాను. మా వైపు ఆడపిల్లకి పదిహేనేళ్లకి వచ్చే జవాబు అదొక్కటే. "వెళ్తావా" అని అడగకండి. ఒకరోజు సెలవు పెట్టుకుని నూజివీడు తీసుకెళ్లండి. లోపలికి పంపించకపోయినా గేటు దగ్గర నిలబడి, సెలవులకి పెట్టెలు మోసుకుంటూ వచ్చే పిల్లల్ని చూపించండి. తిరుగు బస్సులో ఏమడుగుతుందో వినండి. ప్రశ్నలు అడిగితే వెళ్లాలని ఉన్నట్టు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే ఇంకో వారం ఆగండి.

లెక్కల మాస్టారు

నేను జడ్పీ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఏటా మా పిల్లలవి పది పన్నెండు ట్రిపుల్ ఐటీ అప్లికేషన్లు దగ్గరుండి పెట్టిస్తాను. పై అమ్మాయి అకరణీయ సంఖ్యల గురించి రాసింది చదివి నవ్వాను గానీ, రేపు క్లాసులో మొదటి పని అదే చెప్పడం.

మేనమామ గారూ, ఎంట్రన్స్ పరీక్ష ఏమీ లేదు, పది మార్కులే ఆధారం. రెసిడెన్షియల్ కాని జడ్పీ, మున్సిపల్, ప్రభుత్వ హైస్కూళ్లలో చదివిన పిల్లలకి 4 శాతం డిప్రివేషన్ స్కోరు అని కలుపుతారు. కాబట్టి ప్రైవేటు స్కూలు 572కి, మీ పిల్ల 572కి తేడా ఉంది. రెగ్యులర్‌గా మొదటిసారే పాసై ఉండాలి. మార్కులు సమానమైతే ముందు లెక్కల మార్కు, తర్వాత సైన్స్ చూస్తారు. రిజర్వేషన్లు మామూలే, ప్రతి కేటగిరీలో మూడో వంతు ఆడపిల్లలకి. ఫలానా మార్కుకి సీటు గ్యారంటీ అని ఎవరైనా అంటే నమ్మకండి, కటాఫ్ ఏటా, కేటగిరీని బట్టి మారుతుంది.

కాగితాల దగ్గరే మనవాళ్లు పప్పులో కాలేస్తారు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పుడే సచివాలయంలో పెట్టేయండి, నోటిఫికేషన్ వచ్చాక అందరూ ఒకేసారి పడతారు. స్టడీ సర్టిఫికెట్లు స్కూల్లో తీసుకోండి. పిల్ల పేరు, తండ్రి పేరు పది మెమోలో ఎలా ఉందో ఆధార్‌లోనూ అలాగే ఉందా చూడండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా ఉండటంతో మా పిల్లాడొకడు మూడు రోజులు తిరిగాడు. అప్లికేషన్లో మీ ఫోన్ నంబరే ఇవ్వండి, మీసేవ వాళ్లదో పక్కింటివాళ్లదో ఇవ్వకండి. మెసేజ్ ఆ నంబరుకే వస్తుంది. క్యాంపస్‌ల వరస కూడా అప్పుడే పెట్టాలి. నెట్ సెంటర్ కుర్రాడు ఏది ముందు కనిపిస్తే అది నొక్కేస్తాడు, పక్కన కూర్చోండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. సెలక్షన్ లిస్టు వచ్చేసరికి ఇంటర్ క్లాసులు మొదలైపోతాయి. ఈలోపు పిల్ల ఖాళీగా ఉంటుందని కంగారుపడి ఎక్కడో చేరుస్తారు, ఒరిజినల్ టీసీ, మెమో వాళ్ల చేతిలో పెడతారు. తర్వాత సీటు వస్తే ఆ కాగితాలు వెనక్కి రావడం గగనం. రెండేళ్ల కిందట మా స్టూడెంట్ ఒకమ్మాయికి ఇదే జరిగింది. చేరింది పది రోజులే, ఏడాది ఫీజు కడితే గానీ టీసీ ఇవ్వమన్నారు. ఆ కాలేజీ పేరెందుకులెండి. నేనూ, వాళ్ల నాన్నా నాలుగుసార్లు తిరిగి, సగం కట్టి తెచ్చుకున్నాం. రిపోర్ట్ చెయ్యాల్సిన రోజుకి ముందురోజు రాత్రి చేతికొచ్చింది.

అందుకని లిస్టు వచ్చేదాకా మీ దగ్గర్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కూర్చోబెట్టండి. పుస్తకాలు ఉచితం. 2025 జనవరి నుంచి డొక్కా సీతమ్మ గారి పేరుతో మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు. ట్రిపుల్ ఐటీ సీటు వస్తే ప్రిన్సిపాల్ గారే సంతోషంగా టీసీ ఇచ్చి పంపుతారు. రాకపోతే, ఆ కాలేజీలోనే చదివితే మాత్రం ఏమైంది? నేను చదివింది అలాంటి కాలేజీలోనే. ఎవరేమన్నా ఒరిజినల్స్ ఇవ్వకండి, జిరాక్సులు ఇవ్వండి. శాలువా తెచ్చినాయన ముందుగా అడిగేది అవే.

మార్టూరు మేనమామ

మాస్టారూ, మీరు రాసింది చదివి వెంటనే అక్కకి ఫోన్ చేశాను. ఆ శాలువా ఆయన నిన్ననే వచ్చి "సీటు బ్లాక్ చేస్తాం, మెమో ఇవ్వండి" అన్నాడట. ఇంకా నెట్‌లో తీసిన మెమోనే ఉంది, ఒరిజినల్ రాలేదు కాబట్టి సరిపోయింది. ఇక ఆ గుమ్మం ఎక్కనివ్వను.

చెల్లెమ్మా, ఆదివారం నూజివీడు వెళ్లొచ్చాం. గేటు బయట టీకొట్టు దగ్గర గంటసేపు కూర్చున్నాం. పిల్లలెవరూ పెద్దగా కనపడలేదు, సెలవులేమో. అయినా తిరుగు బస్సులో హనుమాన్ జంక్షన్ వచ్చేదాకా ప్రశ్నలే. నాకు ఒక్కదానికీ జవాబు తెలియదు. నువ్వే రాయి తల్లీ అని ఫోను దానికే ఇస్తున్నాను.

అక్కా నమస్తే, మామయ్య ఫోన్ నుంచి రాస్తున్నా. పుస్తకంలో చూశాను, అకరణీయ అంటే నిజంగానే రేషనల్. నేను తెలుగు పేజీయే చదివాను. ఇంగ్లీషు పేజీలో బొమ్మలు మాత్రం చూసేదాన్ని. నిన్నటినుంచి రెండూ చూస్తున్నా. నేను స్కూల్లో కబడ్డీ టీమ్‌లో ఉన్నాను, అక్కడ ఆడనిస్తారా? బట్టలు మనమే ఉతుక్కోవాలా? రాత్రిపూట ఏడుపొస్తే గదిలో అందరూ ఉంటారు కదా, ఎలా? ఇది మామయ్య చదవకముందే పోస్ట్ చేసేస్తున్నా.

పాత ఎన్13

అమ్మలూ, కబడ్డీ ఆడొచ్చు. సాయంత్రం క్లాసులయ్యాక గ్రౌండ్‌కి వెళ్లేవాళ్లం. మా గదిలో పలాస అమ్మాయి రైడ్‌కి వెళ్తే నలుగురు పట్టినా ఆగేది కాదు, ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తోంది. స్పోర్ట్స్ సర్టిఫికెట్లు ఏమైనా ఉంటే మీ మాస్టార్లకి చూపించు, స్పోర్ట్స్ కోటా అని కొద్ది సీట్లు విడిగా ఉంటాయి, దానికి వెరిఫికేషన్ కూడా వేరే. మండల స్థాయి కప్పులకి అది వస్తుందని ఆశపెట్టుకోకు గానీ, అడగడంలో తప్పులేదు.

బట్టలు మనమే. ఆదివారం ఒక్కరోజే ఉతుకుదామని ఆపకు, తీగల మీద చోటు దొరకదు. రోజూ స్నానానికి వెళ్లినప్పుడు ఒక జత ఉతికేసుకో. యూనిఫాం చొక్కాలు తిరగేసి ఆరెయ్యి, రంగు పోదు. ఇది మా నాన్న చెప్పింది.

ఏడుపు సంగతి. మొదటి నెల నేను రాత్రి బకెట్ పట్టుకుని బట్టలుతికే చోటుకి వెళ్లేదాన్ని. పంపు తిప్పితే ఏడుపు వినపడదు కదా అని. వెళ్లి చూస్తే అప్పటికే అక్కడ ఇద్దరు ముగ్గురు ఉతికిన బట్టలే ఉతుకుతూ ఉండేవాళ్లు. పలాస అమ్మాయితో మొదట మాట్లాడింది అక్కడే. "నీ సబ్బు ఒకసారి ఇస్తావా" అంది, ఆమె దగ్గర సబ్బు ఉండగానే.

పెట్టెలోకి ఎక్కువ సర్దకు. చలికాలానికి ఒక దుప్పటి, పెట్టెకి రెండు తాళం చెవులున్న తాళం, ఒక చెవి రూమ్మేట్ దగ్గర ఉంచు. కారప్పొడి, పప్పుల పొడి మీ అమ్మ ఎటూ పెడుతుంది. పచ్చడి సీసా మాత్రం స్టీలు డబ్బాలో పెట్టించు, నాది బస్సులో పగిలి రికార్డు పుస్తకాలన్నీ మాగాయ వాసనే. ఇంకా ఒక లాంగ్ నోట్‌బుక్, 200 పేజీలది. దేనికో నీకు తెలుసు.

బకెట్, మగ్గు మీద పేరు నెయిల్ పాలిష్‌తో రాయి, అడుగున కూడా. పెయింట్ నెలకే పోతుంది, స్కెచ్ పెన్ను మొదటిరోజే పోతుంది. ఎర్ర బకెట్ మాత్రం కొనొద్దు, అందరిదీ ఎర్రదే.